వెలుతురులో చూసిన గదులు

ఆగస్టు మొదటి వారంలో
ట్రోమ్సోలో గది వెతకడమంటే
అబద్ధాలాడే లాంతరు పట్టుకుని తిరగడమే.
రాత్రి పదకొండు దాటినా
ఆకాశం దీపం ఆర్పదు.
ఏ తలుపు తీసినా లోపల బంగారమే.

మొదటిది నేలమాళిగ.
యూనివర్సిటీకి నాలుగు నిమిషాల నడక.
కిటికీ నా గడ్డానికి సమంగా ఉంది,
అవతల గడ్డి, వచ్చేపోయే వాళ్ల బూట్లు.
ఇంటాయన ఫోనులోంచి తలెత్తకుండానే
"ఇంకా పదకొండు మంది అడిగారు" అన్నాడు.
మూలన తడివాసన.
సముద్రం పక్కన మామూలేలే అని
నాకు నేనే చెప్పుకున్నాను.
చేతిలో డబ్బు తక్కువైతే
ముక్కు కూడా సర్దుకుపోతుంది.

రెండోది హాస్టల్లో, ఏడో అంతస్తు.
మంచం, బల్ల, కోటు తగిలించడానికి ఒకే ఒక్క కొక్కెం.
పద్నాలుగు తలుపులకి ఒకటే వంటగది.
ఫ్రిజ్‌లో ప్రతి పెరుగు డబ్బా మీదా ఎవరిదో పేరు,
ఒకదాని మీద మాత్రం
"దొంగగారూ, మూత పెట్టండి చాలు."
చూపించిన కుర్రాడు స్వెర్రె,
చేపల మీద ఏదో చదువుతున్నాడు,
"ఇక్కడ ఒంటరిగా ఉండడం కుదరదు" అన్నాడు.
అది మెచ్చుకోలో హెచ్చరికో
మెట్లు దిగేదాకా తేల్చుకోలేకపోయాను.

దక్షిణాన మాందాల్ నుంచి
అమ్మ కంప్యూటర్లో పట్టిక వేస్తోంది.
అద్దె, దూరం, ఇంటర్నెట్, బట్టలుతికే మిషను.
అన్నిటికీ పదికి మార్కులు.
ఇప్పటికి నేలమాళిగ ముందుంది.

మూడోది వంతెనకి అవతల.
గుద్‌వేయ్ అనే ఆవిడ, ముప్ఫై ఒక్కేళ్లు సిటీ బస్సు నడిపిందట,
ఇప్పటికీ మనిషిని చూసేది
అద్దంలోంచి చూసినట్టే, ఓరగా.
గది మేడ మీద. చెక్క గోడలు. అద్దె ఎక్కువ.
నేను కిటికీ దగ్గర నిలబడి
"ఎంత వెలుతురో" అన్నాను.

ఆవిడ నవ్వలేదు.
"ఇది చూసి తీసుకోకు" అంది.
"నవంబరు ఆఖర్లో పోతాడు సూర్యుడు.
జనవరిలో ఊరంతా బన్నులు తిని పండగ చేసుకుంటారు, వచ్చాడని.
నీకు రాడు. అదిగో, ఆ కొండ అడ్డం.
నీకు ఫిబ్రవరి పదో, పదకొండో.
అదీ మబ్బు లేకపోతే."

తలుపు వెనక గోడ మీద చూపించింది.
పెన్సిల్ గీతలు, వేలెడంత పొడవు,
మొదటి ఎండ పడిన చోటల్లా ఒకటి.
ఇంగెబోర్గ్, ఫిబ్రవరి 11.
యోనాస్, 10. రెండు నిమిషాలే.
ఫిల్మోన్, 13. ఏడ్చాను, ఎవరికీ చెప్పకండి.
ఒక ఏడు గీత లేదు, పేరు మాత్రం ఉంది.
"ఆ అమ్మాయి ఆ రోజు పరీక్షకి వెళ్లింది" అంది,
ఆ పేరు మీద దుమ్ము తుడుస్తూ.

నేను ఆలోచించుకుని చెబుతానని బయటపడ్డాను.
అలా అంటే వద్దని అర్థమని
ఆవిడకీ తెలుసు.

వంతెన మధ్యకి వచ్చేసరికి
నేలమాళిగాయన మెసేజీ: గంటలో చెప్పు.
కింద నీళ్లు వెండిలా ఉన్నాయి, నమ్మబుద్ధి కాలేదు.
ఈ మూడు రోజుల్లో ఇన్ని గదులు చూపించారు,
చలికాలం గురించి ఒక్కరూ నోరు విప్పలేదు.
చీకటి ఉంటుందని నాకు తెలియక కాదు.
మాందాల్లో పుట్టినదాన్నయినా మ్యాపు చూడగలను.
చీకటికి కూడా ఒక చిరునామా ఉంటుందని,
దాన్ని కాస్త ముందుగా ఎవరైనా చెప్పవచ్చని
తెలియదు.

అమ్మకి ఫోను చేశాను.
"పట్టికలో ఇంకో గడి వెయ్యి."
"ఏమని?"
"చీకటి."
"దానికి మార్కులు ఎలా వేస్తారే తీరిల్?
ఎక్కువుంటే ఎక్కువా, తక్కువుంటే ఎక్కువా?"

నేను చెప్పలేదు. నాకూ తెలియదు.
అటువైపు కాసేపు మౌనం,
తర్వాత టకటకమని కీబోర్డు చప్పుడు.
అప్పటికే నేను వెనక్కి తిరిగాను.
గాలి ఎదురు కొడుతోంది,
టోపీ ఒక చేత్తో పట్టుకోవాల్సి వచ్చింది.